అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది, అసిరమ్మ చోడి చేను

రోజూ పదకొండు గంటల లోపు మా కార్యాలయంలో జరగవలసిన పనులు ఇవి:

ఒకటి, ఆ రోజు దినపత్రిక తెప్పించాలి. రెండు, వచ్చినట్టు ఆవక రిజిస్టరులో నంబరు వేయాలి. మూడు, గళ్ల నుడికట్టు ఉన్న భాగాన్ని స్కేలు ఆనించి, ఒక్క గడి కూడా నలగకుండా కోయాలి. నాలుగు, పద్నాలుగు నకళ్లు తీయాలి. ఐదు, అడ్డం ఆధారాలను అడ్డం విభాగానికి, నిలువు ఆధారాలను నిలువు విభాగానికి పంపి, అందినట్టు సంతకాలు తీసుకోవాలి. ఆరు, గళ్లు నింపాక, వంద పదాలకు తగ్గకుండా ఆ నుడికట్టు మీద విమర్శ రాయాలి. ఏడు, అన్నీ ఎర్ర అట్టలో పెట్టి పదీ యాభైకి అధికారి గారి ముందుంచాలి. ఎనిమిది, సంతకమయ్యాక ఫొటో తీసి పై ఆఫీసుకు పంపాలి. తొమ్మిది, వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ల పని చూడాలి.

తొమ్మిదోదాని పక్కన 'వీలునుబట్టి' అని చేత్తో రాసి ఉంటుంది.

నా పేరు తవిటయ్య. ఆ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన రోజున మా అయ్య బస్సు కిటికీ పట్టుకుని, "సర్కారోరు ఏటి సెప్తే అది సెయ్యి. ఎందుకని అడక్కు" అన్నాడు. రెండేళ్ల ప్రొబేషన్‌లో ఇరవై రెండు నెలలు అలాగే చేశాను. ఎందుకని అడగలేదు.

మాది భూ రికార్డుల ప్రాంతీయ కార్యాలయం. ఎవరి పొలం ఎంత, హద్దులేవి, పక్కన ఉన్నది వాగా, బాటా, శ్మశానమా అన్నది మా కాగితాల్లో ఉంటుంది. నేల మీద ఉన్నదానికీ మా కాగితంలో ఉన్నదానికీ తేడా వస్తే, నేల తప్పని అర్థం.

ఇందులోకి గళ్ల నుడికట్టు ఎలా వచ్చిందో చెబుతాను. మా ప్రాంతీయ అధికారి అనంతపద్మనాభం గారు నాలుగు నెలల కిందట మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. అక్కడెవరో వక్త, నుడికట్టు ఛేదించని మెదడు కంచె వేయని పొలం వంటిదన్నారట. మిగతా ఉపన్యాసాలన్నీ భోజనం తర్వాత జరిగాయి. ఇదొక్కటే ముందు జరిగింది. అందుకని అందరికీ ఇది గుర్తుంది. వారం తిరక్కుండానే పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. "సిబ్బంది మేధోవికాసము, తద్వారా ప్రజాసేవా పటిమ పెంపొందించుటకై ప్రతి కార్యాలయమూ ప్రతిదినమూ ఒక నుడికట్టును పూర్తిచేసి, దానిపై నిర్మాణాత్మక విమర్శను సమర్పించవలెను. లోపము లేని నుడికట్టు అనగా సరిగా చూడని నుడికట్టుగా పరిగణించబడును."

ఉన్న ఇరవై మూడు ప్రాంతీయ కార్యాలయాలకూ ర్యాంకులు పెట్టారు. మరునాటి పత్రికలో వచ్చే జవాబులతో మావి సరిపోల్చి మార్కులు వేస్తారు. మొదటి నెల మాకు వచ్చిన ర్యాంకు పంతొమ్మిది.

అనంతపద్మనాభం గారు సమావేశం పెట్టారు. "పంతొమ్మిది అనగా ఇరవై మూడుకు నాలుగు మెట్లు మాత్రమే దూరం" అన్నారు. అందరం తల దించుకున్నాం. "మన వైఫల్యానికి మూలకారణం బాధ్యతల స్పష్టీకరణ లోపించుట. ఇకమీదట అడ్డానికి ఒక విభాగం, నిలువుకు ఒక విభాగం."

అడ్డం విభాగానికి సూపరింటెండెంటు నరసింగరావు గారు. నిలువు విభాగానికి అమృతవల్లి గారు. ఇద్దరూ పాతికేళ్లుగా ఒకే గదిలో పనిచేస్తూ, ఒకరికొకరు కాగితం మీద తప్ప మాట్లాడుకోనివాళ్లు. ఇద్దరి బల్లల మధ్య మూడడుగుల దూరం. ఆ మూడడుగులూ ఫైలు దాటడానికి మూడు రోజులు పట్టేది. నుడికట్టు వచ్చాక ఇరవై నిమిషాల్లో దాటడం మొదలైంది. మేధోవికాసం లేదని నేనెప్పుడూ అనలేదు.

అసలు చిక్కు ఉమ్మడి గడుల దగ్గర వచ్చింది. ఏ నుడికట్టులోనైనా అడ్డమూ నిలువూ కలిసే గడులుంటాయి. అందులో పడే అక్షరం ఇద్దరిదీ. మరి ఆ గడి ఎవరి పరిధిలోకి వస్తుంది? సర్క్యులర్‌లో లేదు.

ఆ సోమవారం వచ్చిన నుడికట్టులో అడ్డం తొమ్మిదీ నిలువు తొమ్మిదీ ఒకే గడిలో మొదలయ్యాయి. అడ్డం తొమ్మిదికి ఆధారం, 'నాగలి ముక్కు, రెండు గడులు'. నరసింగరావు గారు 'మొన' అని తేల్చారు. నిలువు తొమ్మిదికి, 'పంట నూర్చే చోటు, రెండు గడులు'. అమృతవల్లి గారు 'మిల్లు' అని తేల్చారు. ఆ ఒక్క గడిలో ఆయన 'మొ' కావాలన్నారు, ఆవిడ 'మి' కావాలన్నారు.

"గడికి మొదటి హక్కు అడ్డానిది. మనం చదివేది అడ్డంగానే కదా" అని నరసింగరావు గారు నాకు చెప్పారు, ఆవిడకు వినపడేలా.

"నీళ్లు పడేది నిలువుగా, గోడ లేచేది నిలువుగా, మనిషి నిలబడేది నిలువుగా. అడ్డంగా ఉండేది పడుకున్నవాళ్లే అని చెప్పు తవిటయ్యా" అన్నారు అమృతవల్లి గారు.

అధికారి గారు ఉమ్మడి తనిఖీకి ఆదేశించారు. సర్వేయరు వచ్చి, కోసిన కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, స్కేలుతో కొలిచాడు. వివాదాస్పద గడి మిగతావాటికన్నా అర మిల్లీమీటరు తక్కువుందని తేలింది. దాన్ని ఆ రోజు విమర్శలో రాశాం. "గడుల విస్తీర్ణములో అసమానత గమనించబడినది. ఇందుకు పత్రికవారి సంజాయిషీ కోరవలెను." చివరకు కమిటీ కూర్చుని రాజీ సూత్రం ఒకటి తయారుచేసింది. 'మ' అనే హల్లు వరకు ఇరుపక్షాలకూ సమ్మతమే కనుక, ప్రస్తుతానికి గడిలో 'మ' మాత్రం నింపవలెను. పైన ఒత్వం రావాలా, గుడి రావాలా అన్నది పై ఆఫీసుకు నివేదించి, ఉత్తర్వులు అందిన మీదట నిర్ణయించవలెను.

ఈ రాజీ సూత్రాన్ని నేను గట్టిగా చదివి వినిపిస్తుండగా కిటికీలోంచి ఒక గొంతు వచ్చింది.

"నాగలి ముక్కేటి బాబూ? కర్రు కదేటి!"

అందరం అటు చూశాం. వరండాలో బెంచీ మీద అసిరమ్మ కూర్చుని ఉంది.

"నూర్చీది కళ్లం. మిల్లులో నూరుస్తారేటి? మిల్లు ఆడిస్తారు గాని."

సర్వేయరు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. కర్రు, కళ్లం. రెండూ రెండేసి గడులే. రెంటికీ మొదట 'క'. ఉమ్మడి గడి ఉమ్మడిగానే నిండింది. పాతికేళ్లలో మొదటిసారి నరసింగరావు గారూ అమృతవల్లి గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇక్కడ అసిరమ్మ గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. ఊరు మా కార్యాలయానికి రెండు బస్సుల దూరం. సర్వే నంబరు 214/3లో డెబ్బై సెంట్ల చోడి చేను, అంటే రాగి చేను, ఆమెది. దాన్ని ఆనుకుని ఉన్న 214/2 ఆ ఊరి శ్మశానం. రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మావాళ్లెవరో రెండు వరసలు తారుమారు చేశారు. దాంతో మా కాగితం ప్రకారం ఆమె చేను శ్మశానమైంది. శ్మశానం ఆమె పేరు మీద సాగుభూమి అయింది. ఊళ్లో అందరికీ నిజం తెలుసు కనుక చాన్నాళ్లు ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఈమధ్యే ఆ ఊరి శ్మశానానికి ప్రహరీ గోడ మంజూరైంది. కాంట్రాక్టరు పటం తెచ్చుకుని చూస్తే గోడ అసిరమ్మ చేను చుట్టూ రావాలి. రెండు నెలలాగి, పదిహేనో తేదీన పునాది తవ్వుతామని చెప్పి వెళ్లారు.

మొదటిరోజు ఆమె నాతో అన్నది నాకిప్పటికీ గుర్తుంది. "సేను సుట్టూ గోడ కట్టేత్తే కట్టేసినారు గాని బాబూ, రేపెవులైనా సచ్చిపోతే నా సోళ్లలో పెడతారు కదా. నాను ఆ సోళ్లే అంబలి కాసుకోవాలి కదా."

ఆ రోజే గ్రామ అధికారి నివేదిక తెప్పించాను. సవరణ ఉత్తర్వు టైపు చేశాను. మొత్తం ఐదు వాక్యాలు. కింద అధికారి గారి సంతకం ఒక్కటే కావాలి. ఆ ఫైలు ఆయన బల్ల మీద మామూలు అట్టలో చేరింది. మామూలు అట్టలు ఎర్ర అట్ట తర్వాత చూస్తారు. ఎర్ర అట్ట అయ్యేసరికి పదకొండు. పదకొండుకు ర్యాంకుల మీద వీడియో సమావేశం. మధ్యాహ్నం నుంచి నిన్నటి నుడికట్టు జవాబుల మీద సమీక్ష. అలా నెల గడిచింది. అసిరమ్మ వారానికి మూడు రోజులు వచ్చి బెంచీ మీద కూర్చునేది.

కర్రు, కళ్లం తేలిన మరునాడు మాకు పూర్తి మార్కులు వచ్చాయి. అనంతపద్మనాభం గారు వరండాలోకి స్వయంగా వచ్చారు. ఆయన వరండాలోకి రావడం ఆగస్టు పదిహేను తర్వాత అదే.

"అమ్మా, మీ క్షేత్రస్థాయి పరిజ్ఞానం ఈ కార్యాలయానికి అవసరం" అన్నారు.

"నాకూ ఈ కార్యాలయం అవసరమే బాబూ. నెల్నాళ్లుగా తిరుగుతున్నాను" అంది అసిరమ్మ.

ఆమెకు లోపల కుర్చీ వేశారు. పదింటికి టీ. మెడలో వేసుకోవడానికి నీలం తాడుతో ఒక బిళ్ల. దానిమీద 'గౌరవ క్షేత్రపద సలహాదారు' అని ఉంది. ఫొటో కోసం కొంగు సర్దుకోమంటే, "ఇది సేను కాయితమా బాబూ?" అని అడిగింది. కాదన్నాను. "మరి దీనికి ఫొటో ఎందుకో" అంది.

ఆ నెల పత్రికలో నుడికట్టు కూర్చేవారెవరో గాని పల్లెలో పుట్టినవారై ఉండాలి. రోజూ మూడు నాలుగు మాటలు పొలానివి, పాకవి వచ్చేవి. ఎద్దుల మెడ మీద ఉండేది? "కాడి." పశువుకు మేత వేసే చోటు? "గాడి. ఇదీ తెలీదేటి బాబూ, తవరు పాలు తాగరా?" ధాన్యం చెరిగేది? "సేట." వెనకనుంచి అమృతవల్లి గారు దాన్ని 'చేట' అని రాసుకునేవారు. వెదురుతో అల్లి ధాన్యం పోసేది? "గాదె అంటారు, గరిసె అనీ అంటారు. మీకెన్ని గళ్లు కావాలో సెప్పండి, దాన్నిబట్టి సెప్తాను."

వంద పదాల విమర్శ మాత్రం మేమే రాసుకునేవాళ్లం. "నాగలి వంటి మౌలిక ఉపకరణమునకు రెండు గడులు మాత్రమే కేటాయించుట వ్యవసాయ రంగము పట్ల చిన్నచూపును సూచించుచున్నది." "నల్ల గడుల సంఖ్య క్రిందటి వారముకన్న మూడు పెరిగినది. ఇవి ఎవరి ఆక్రమణలో నున్నవో విచారించవలెను." ప్రతిదాని కిందా అధికారి గారు ఒకే మాట రాసి సంతకం పెట్టేవారు: 'ఆమోదించడమైనది. విమర్శ బాగుంది.'

మూడు వారాల్లో మా ర్యాంకు పంతొమ్మిది నుంచి మూడుకు వచ్చింది. మూడో ర్యాంకు వచ్చిన రోజున అందరికీ మిఠాయి పంచారు. ఆ రోజు తొమ్మిదో తేదీ. అధికారి గారు సంతోషంగా ఉన్నారు కదా అని ధైర్యం చేసి లోపలికి వెళ్లాను.

"సార్, అసిరమ్మ ఫైలు. సంతకం ఒక్కటే మిగిలింది. పదిహేనున గోడ మొదలుపెడతారట."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తవిటయ్యా, నువ్వు చదువుకున్నవాడివి. ఆలోచించి చెప్పు. ఆవిడ ఈ కార్యాలయానికి ఎందుకు వస్తోంది?"

"ఫైలు కోసం సార్."

"ఫైలు పూర్తయితే?"

"రాదు సార్."

"ఆవిడ రాకపోతే?"

నేను ఫైలును ఆయన వైపు జరిపాను.

"మూడో ర్యాంకు కార్యాలయం మళ్లీ పంతొమ్మిదికి పోతుంది. ఒక వ్యక్తి ప్రయోజనం ఒకవైపు, సంస్థాగత ప్రయోజనం ఒకవైపు. ఆవిడ రాకకు గల కారణాన్ని మన చేతులతో మనమే తొలగించుకుంటే అది పరిపాలనా దక్షత అనిపించుకుంటుందా?" అని, ఫైలు తెరిచి, నా ఐదు వాక్యాల పక్కన 'పరిశీలనలో నుంచవలెను' అని రాశారు. చేతిరాత మాత్రం చక్కగా ఉంది.

బయటికి వచ్చేసరికి అసిరమ్మ టీ తాగుతోంది. నా మొహం చూసింది.

"ఏటయ్యింది బాబూ?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. మా ఇంట్లో ఇంకా ఎవరూ ఆ చదువు దాకా రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పని అయిపోతే నువ్వు రావని, అందుకే పని చేయడం లేదని.

ఆమె కోప్పడలేదు. టీ గ్లాసు అడుగుదాకా తాగి, బోర్లించి పెట్టింది. "అలాగైతే నాను తెలివైనదాన్నయ్యి తప్పు సేసినానన్నమాట" అంది.

మరునాడు, పదో తేదీన, నరసింగరావు గారు కాగితం పట్టుకుని ఆమె కుర్చీ దగ్గరకు వచ్చారు. ఈమధ్య ఆయన ఆమెను మన్నించి మాట్లాడడం నేర్చుకున్నారు. "అసిరమ్మ గారూ, ఈ రోజు నిలువు వాళ్లకొకటి చిక్కుపడింది. అడ్డంలో మా మాట కూడా దాని మీదే ఆగిపోయింది. కాలువకు నీళ్లు తోడే పాత సాధనం, మూడు గడులు."

అసిరమ్మ పైకప్పు కేసి చూసింది. ఫ్యాను కేసి చూసింది. "గుర్తు రాలేదు బాబూ."

"అదేమిటమ్మా, నిన్న అన్నీ గడగడా చెప్పారు!"

"నిన్నటిదాకా సేను నాదనుకున్నాను. సేను నాదయితే సేనిమాటలు నోటికొత్తాయి. అది వల్లకాడని మీ కాయితమే సెప్తంది కదా. వల్లకాట్లో మాటలేటుంటాయి బాబూ?"

అమృతవల్లి గారు తల వంచుకుని, బల్ల మీద లేని దుమ్ము తుడిచారు. "సంతకం పెట్టేస్తే పోయేదానికి" అని గొణిగారు. నరసింగరావు గారు, పాతికేళ్లలో మొదటిసారి ఆవిడతో నేరుగా, "అవునండీ" అన్నారు.

వాళ్లిద్దరూ కలిసి లోపలికి వెళ్లి చెబుతారేమోనని ఎదురుచూశాను. కలిసి వెళ్లేటప్పుడు ఎవరు ముందు నడవాలన్నది తేలక ఆగిపోయారు.

ఆ రోజు గళ్లు మూడు ఖాళీగా వెళ్లాయి. మరునాడు పొద్దున ర్యాంకు ఆరుకు పడింది. అధికారి గారు అత్యవసర సమావేశం పెట్టి, సలహాదారు జ్ఞాపకశక్తి సన్నగిల్లడానికి కారణాలు చర్చించారు. ఎవరూ కారణం చెప్పలేదు. అందరికీ తెలుసు కనుక. చివరికి ఆయనే పరిష్కారం కనిపెట్టారు.

"జ్ఞాపకశక్తి పెంపొందించుటకు ఏది మార్గమని సర్క్యులర్‌లో ఉంది?"

"నుడికట్టు సార్" అన్నాను.

"అదే. ఆవిడ చేత రోజుకొక పాత నుడికట్టు చొప్పున నలభై అయిదు రోజులు సాధన చేయించవలెను. ఆవిడకు చదువు రాదు కనుక, ఆధారాలు చదివి వినిపించే బాధ్యత తవిటయ్యకు అప్పగించడమైనది."

నలభై అయిదు రోజులు. గోడకు ఇంకా నాలుగు రోజులుంది.

సర్కారు చెప్పింది చేయాలి కదా. ఆ పదకొండో తేదీనే పాత పత్రికలు ముందేసుకుని, బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని చదివాను. "పెద్దమ్మా, అడ్డం ఒకటి..."

"నీళ్లు తోడీది ఏతామే బాబూ" అంది మధ్యలో, రోడ్డు వైపు చూస్తూ. "అది మర్సిపోతానేటి? పైన దూలం మీద మా అయ్య ముందుకీ ఎనక్కీ నడిచీవోడు. కింద నాను బాన ఒంచీదాన్ని. అయ్య నడుస్తా ఎన్ని బానలైనాయో పాడీవోడు. నాను లెక్క తప్పితే మళ్లీ ఒకట్నించి పాడీవోడు. ఆ ఏతాం గుంజలున్న గట్టు మీదే గోడ కడతారట. ముగ్గు కూడా పోసేసినారు." నా చేతిలో పత్రిక కేసి చూపించి, "నువ్వు సదువు బాబూ, నిన్ను సదవమన్నారు కదా. నీ పనెందుకు సెడగొట్టాలి" అంది.

నేను చదవలేదు. పత్రిక మడిచి పక్కన పెట్టాను. ఇరవై రెండు నెలల్లో చెప్పిన పని చేయకపోవడం అదే మొదలు.

ఆ రోజు సాయంత్రం సర్క్యులర్ మూడుసార్లు చదివాను. ఎర్ర అట్టలో నుడికట్టు ఉండాలి. విమర్శ ఉండాలి. ఇంకేమీ ఉండకూడదని ఎక్కడా లేదు. పన్నెండూ పదమూడూ సెలవులు. పద్నాలుగు పొద్దున సవరణ ఉత్తర్వును మళ్లీ శుభ్రంగా టైపు చేశాను. పైన పెద్ద అక్షరాల్లో 'విషయం: సర్వే నంబరు 214/3, పొట్నూరు అసిరమ్మ సాగుభూమి. పొరపాటున శ్మశానముగా నమోదు. సవరణ ఉత్తర్వు' అని పెట్టాను. ఏదీ దాచలేదు, ఏదీ మార్చలేదు. దాన్ని ఎర్ర అట్టలో అన్నిటికన్నా పైన పెట్టాను. కిందపెడితే మోసం చేసినట్టవుతుంది.

పదీ యాభైకి అట్ట ఆయన ముందుంచాను. ఆయన ఫోనులో ఉన్నారు. ఏడో ర్యాంకు కార్యాలయం అధికారికి సలహాలిస్తున్నారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి కలం తీశారు. మొదటి కాగితం చూశారు.

"చిన్నదిగా ఉందేమిటి?"

"ఒక్క తప్పే ఉందండి. దాన్ని దిద్దాలి."

"ఒక్కటేనా? రోజూ నాలుగైనా దొరికేవే." ఫోనులోకి, "ఆఁ, మీకు కాదు, చెప్పండి" అన్నారు. ఐదు వాక్యాల కింద 'ఆమోదించడమైనది. విమర్శ బాగుంది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.

పంపినట్టు జావక రిజిస్టరులో నంబరు వేశాను. కంప్యూటరులో రెండు వరసలూ సరిచేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఒక నకలు గ్రామ అధికారికి, ఒకటి కాంట్రాక్టరుకు, ఒకటి అసిరమ్మ చేతికి. ఆమె కాగితాన్ని తిరగేసి మరగేసి చూసింది. "ఇందులో నా సేను ఎక్కడుంది?" అంది. వేలు పట్టుకుని 214/3 మీద పెట్టాను. ఆ వేలు అక్కడినుంచి కాసేపు తియ్యలేదు.

పదిహేనున ఏమైందో పదహారున ఆమే వచ్చి చెప్పింది. కాంట్రాక్టరు ఊరందరి ముందూ ఉత్తర్వు గట్టిగా చదివాడట. చివర 'విమర్శ బాగుంది' దగ్గర ఆగి, "దీనర్థమేటి?" అని గ్రామ అధికారిని అడిగాడట. ఆయన చాలాసేపు ఆలోచించి, "పై ఆఫీసు మాట. మనకెందుకు, తవ్వకండి" అన్నాడట. ముగ్గు చెరిపేసి, పక్కన అసలు వల్లకాటికి పోసుకున్నారు.

"సచ్చినోళ్లకీ గోడ దొరికింది, నాకూ సేను దొరికింది" అంది అసిరమ్మ. మెడలోంచి నీలం తాడు తీసి, మడిచి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజు కుర్చీలో కూర్చోలేదు. టీ మాత్రం బెంచీ మీద కూర్చుని తాగింది. వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగి, "నరసింగరావు బాబూ, మొన్న అడిగినారు కదా. ఏతాము. రాసుకోండి. మూడే గళ్లు" అని లోపలికి కేకేసింది.

జవాబు పదకొండో తేదీ పత్రికలోనే వచ్చేసింది. అయినా నరసింగరావు గారు రాసుకున్నారు.

తర్వాత ఆమె రాలేదు. మా ర్యాంకు తొమ్మిదికి, పదహారుకు, ఇరవై రెండుకు వెళ్లింది. విచారణ జరిగింది. మెమో వచ్చింది. "ఒక ఫైలును అనవసర శీఘ్రతతో పరిష్కరించి, తద్వారా ఒక అమూల్య మానవ వనరును కార్యాలయము కోల్పోవుటకు కారకుడవైనందుకు సంజాయిషీ ఇవ్వవలెను." సంతకం చేసింది మీరే సార్ అని నేను రాయలేదు. 'పని పట్టిక తొమ్మిదో అంశము ప్రకారము చేసితిని. ఆ రోజు వీలైనది' అని రాశాను. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. పట్టికలో తొమ్మిదో అంశం తీసేశారు.

మా అయ్యకు ఫోను చేసి చెప్పాను. "ఎందుకని అడిగినావేటిరా?" అన్నాడు.

"అడగలేదయ్యా. సెప్పిన పని సేసినాను."

"మరింకేటి" అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, "ఆవిడ సోళ్లు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాడు.

బాగున్నాయట. ఆ ఊరి నుంచి మొన్న వచ్చినవాళ్లు చెప్పారు. కొత్త బెంచీ మీద కూర్చున్నారు. పాతది విరిగింది.

మీరూ పొద్దున్నే పత్రిక విప్పి గళ్లు నింపేవాళ్లై ఉంటారు. అందులో తప్పులు పట్టేవాళ్లు కూడా అయి ఉంటారు. నింపండి, పట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఎప్పుడైనా కర్రో, కాడో, ఏతామో తగిలి కలం ఒక్క క్షణం ఆగితే, 214/3లో చోళ్లు కోస్తూ ఉండే పొట్నూరు అసిరమ్మను తలుచుకోండి. తలుచుకున్నట్టు రిజిస్టరులో రాయనక్కర్లేదు.